భాగం 9: పాఠశాలల్లో చేపల వేట, మత్స్య సంరక్షణ బోధన

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
- చేపలు పట్టడం నేర్పడానికీ, చేపలను కాపాడడం నేర్పడానికీ గల సంబంధాన్ని వివరించగలరు.
- చేపల జీవనానికి అవసరమైన నీటి పరిస్థితులను తెలపగలరు.
- నగర పాఠశాలలో, చెరువు దగ్గరకు వెళ్ళకుండానే చేయించదగిన కృత్యాలను రూపొందించగలరు.
- ఈ బోధనలో పాటించవలసిన జాగ్రత్తలనూ, ఎదురయ్యే అభ్యంతరాలకు సమాధానాలనూ చర్చించగలరు.

9.1 పరిచయం

చేపపిల్లకు ఈత నేర్పాలా అని మనం అంటూ ఉంటాం. నేర్పనవసరం లేదు. కాని మన పిల్లలకు చేప గురించి నేర్పాలా అని అడిగితే, నేర్పాలనే చెప్పాలి. అమీర్‌పేట, పంజగుట్ట వంటి చోట చదువుకునే పిల్లలకైతే మరీ అవసరం. వాళ్ళలో చాలామంది చేపను ఆదివారం దుకాణంలో ముక్కలుగానో, ఇంట్లో గాజుతొట్టెలో బొమ్మలాగానో చూసి ఉంటారు. నీళ్ళలో తనంతట తాను బతికే చేపను చూసినవాళ్ళు తక్కువ.

మీలో కొందరు ఇప్పటికే ప్రైవేటు పాఠశాలల్లో ఉపాధ్యాయులు. కొందరు ట్యూషన్లు చెబుతున్నారు. మరికొందరికి మీ ఇంటి పిల్లలే విద్యార్థులు. కాబట్టి ఈ భాగాన్ని పరీక్ష కోసం చదివే పాఠంగా మాత్రమే కాక, రేపు తరగతిలో వాడుకోగల పాఠంగా రాశాను.

చేపలకూ అమీర్‌పేటకూ ఏం సంబంధమని మీకు అనిపించవచ్చు. దేశంలో మత్స్యరంగ అభివృద్ధి కోసం 2006లో ఏర్పడిన జాతీయ మత్స్య అభివృద్ధి మండలి కార్యాలయం మొదట్లో అమీర్‌పేటలోని మైత్రీ విహార్ వాణిజ్య సముదాయంలోనే ఉండేది. తరవాత అది పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే పక్కన చేప ఆకారంలో కట్టిన భవనానికి మారింది. మెహదీపట్నం నుంచి విమానాశ్రయం వైపు వెళ్ళేటప్పుడు మీరు ఆ భవనాన్ని చూసే ఉంటారు. అంటే, కంప్యూటర్ కోర్సుల కరపత్రాలు పంచే వీధిలోనే కొన్నేళ్ళపాటు దేశం మొత్తానికి సంబంధించిన చేపల లెక్కలు తేలాయన్నమాట. పక్క వీధిలోని బడిపిల్లలకు మాత్రం ఆ విషయం తెలిసే అవకాశం లేకపోయింది. ఈ దూరాన్ని తగ్గించడమే ఈ భాగం ఉద్దేశం.

9.2 మన వీధి నీరు ఎక్కడికి పోతుంది?

సంరక్షణ పాఠాన్ని పటంతో మొదలుపెట్టండి. అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతాలు హుస్సేన్‌సాగర్‌కు పడమటి వైపున ఉన్నాయి. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పాలనలో, 1562 ప్రాంతంలో, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో కట్టిన చెరువు అది. ఒకప్పుడు నగరానికి తాగునీరు ఇచ్చింది. ఇప్పుడు కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు ప్రధానంగా అందులో కలుస్తున్నాయి. సాగర్‌లో మిగులు నీరు మూసీలోకి, మూసీ నీరు వాడపల్లి దగ్గర కృష్ణలోకి చేరుతుంది.

ఈ దారిని విద్యార్థుల చేత గీయించండి. పంజగుట్ట చౌరస్తాలో కురిసిన వాన చివరకు కృష్ణా నదికి, అక్కడి నుంచి బంగాళాఖాతానికి వెళుతుందని తెలిసినప్పుడు, ‘నాలా’ అంటే ముక్కు మూసుకుని దాటిపోయే కాలువ అనే అభిప్రాయం కొంత మారుతుంది. చేప ఉండవలసిన నీటికి అది పై దారి.

9.3 సంరక్షణ నేర్పడానికి వేటతో ఎందుకు మొదలుపెట్టాలి?

కాపాడమని చెప్పవలసిన చోట పట్టడం నేర్పడం విరుద్ధంగా కనిపిస్తుంది. కాని చేపలు పట్టే మనిషికి మూడు విషయాలు తెలియక తప్పదు: చేప ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది, ఎప్పుడు పిల్లలు పెడుతుంది. ఈ మూడూ తెలియకుండా సంరక్షణా సాధ్యం కాదు. వేటగాడి ప్రశ్నలూ జీవశాస్త్రవేత్త ప్రశ్నలూ ఇక్కడ ఒకటే. గాలం పట్టుకుని బెండును చూస్తూ గంటసేపు కదలకుండా కూర్చున్న పిల్లవాడు నీటిని గమనించడం నేర్చుకుంటాడు. ‘జలవనరులను కాపాడుదాం’ అని పదిసార్లు రాయించినా ఆ గమనింపు రాదు.

అమెరికాలో ఈ సంబంధాన్ని చట్టంలోనే పెట్టారు. 1950లో చేసిన చట్టం ప్రకారం గాలాలు, వేట సామగ్రి మీద వసూలయ్యే పన్నును చేపల సంరక్షణకు రాష్ట్రాలకు ఇస్తారు. 1984లో చేసిన సవరణతో అందులో కొంత భాగాన్ని జలవనరుల విద్యకు ఖర్చు చేసే వీలు కలిగింది. అక్కడ అనేక బడుల్లో పిల్లలు ట్రౌట్ చేప గుడ్లను తరగతి గదిలోని తొట్టెలో పొదిగించి, పిల్లచేపలను అధికారుల అనుమతితో ఏటిలో వదులుతారు.

మన దేశంలోనూ దీనికి ఆధారాలు ఉన్నాయి. ఎం.సి. మెహతా వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన తీర్పు పర్యావరణ విద్యను విద్యాసంస్థల్లో తప్పనిసరి చేయాలన్నది. 2001–02 నుంచి జాతీయ హరిత దళం పేరుతో పాఠశాలల్లో పర్యావరణ క్లబ్బులు ఏర్పడ్డాయి. జాతీయ విద్యావిధానం 2020, ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులపాటు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తిదారుల దగ్గర నేర్చుకునే అవకాశం కల్పించాలని సూచించింది. కుమ్మరి, వడ్రంగి దగ్గరకు తీసుకువెళ్ళినట్టే, చేపలు పట్టే గంగపుత్రుల, ముదిరాజుల దగ్గరకూ పిల్లలను తీసుకువెళ్ళవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
హుస్సేన్‌సాగర్‌లో కలిసే ప్రధాన నాలాలు ఏవి? మీరు ఉండే వీధి వాన నీరు ఏ దారిలో ఏ చెరువుకు చేరుతుందో గీయండి.

9.4 ఏం బోధించాలి? నాలుగు మూలభావనలు

9.4.1 చేప ఊపిరి: చేప నీటిలో కరిగిన ప్రాణవాయువును మొప్పలతో తీసుకుంటుంది. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద మంచినీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల వద్ద సుమారు 7.5 మిల్లీగ్రాములే కరుగుతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణలో చేపల పెంపకానికి తగిన నీటిలో లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండాలి. ఉదజని సూచిక 6.5 – 8.5 మధ్య ఉండాలి. మురుగు చేరిన నీటిలో సూక్ష్మజీవులు ఆ మురుగును కుళ్ళబెడుతూ ప్రాణవాయువును వాడేస్తాయి. రాత్రివేళ నాచు కూడా ప్రాణవాయువును తీసుకుంటుంది. అందుకే చెరువుల్లో చేపలు ఎక్కువగా తెల్లవారుజామున ఉక్కిరిబిక్కిరై పైకి తేలుతాయి.

9.4.2 గుడ్లు పెట్టే కాలం: మన చెరువుల్లో పెంచే బొచ్చె, రోహు, మృగాల వానకాలంలో పారే నదీజలాల్లో గుడ్లు పెడతాయి. నిలిచిన చెరువు నీటిలో సాధారణంగా పెట్టవు. డాక్టర్ హీరాలాల్ చౌధురి 1957 జూలై 10న పీయూష గ్రంథి సారాన్ని సూదితో ఎక్కించి ఈ జాతి చేపలతో గుడ్లు పెట్టించడంలో విజయం సాధించారు. ఆ రోజునే ఏటా జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. తెలంగాణలో 2016 నుంచి చెరువుల్లో ఉచితంగా వదులుతున్న చేపపిల్లలు ఇలా కేంద్రాల్లో పుట్టించినవే.

తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను సంగతి వేరు. అది చెరువులోనే, గడ్డీ మొక్కల మధ్య గూడు చేసుకుని గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రటి ముద్దలాగా గుంపుగా తిరుగుతుంటే, తల్లిదండ్రులు కింద కాపలా కాస్తాయి. కాపలా చేపను పట్టేస్తే ఆ గుంపును ఇతర చేపలు తినేస్తాయి. ఒక్క చేపను పట్టాం అనుకుంటాం, నిజానికి ఒక తరాన్ని పట్టేస్తాం. మృగశిర కార్తె ప్రవేశించే రోజున చేప తినడం మనకు ఆచారం. చాలా చేపలకు సంతానకాలం మొదలయ్యేదీ తొలకరి తరవాతే. తూర్పు తీరంలో మరపడవల వేటను ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు నిషేధించడానికి కారణం కూడా చేపల సంతానోత్పత్తే. ఆచారాన్ని తప్పుపట్టనవసరం లేదు. ఆ రోజు వండుకునేది పెంచిన చేపా, గూడు కాస్తున్న చేపా అని అడగడం నేర్పితే చాలు.

9.4.3 పట్టే పరిమితి: వల కన్ను ఎంత సన్నగా ఉంటే అంత చిన్న చేప దొరుకుతుంది. ఒక్కసారైనా గుడ్లు పెట్టకముందే పట్టిన చేప వల్ల చెరువుకు మరో చేప రాదు. విషం కలిపి, పేలుడు పదార్థాలు వేసి చేపలు పట్టడాన్ని 1897 నాటి భారత మత్స్య చట్టమే నేరంగా పేర్కొన్నది. ఆ పద్ధతుల్లో తినదగిన చేపతోపాటు గుడ్డూ పిల్లా పురుగూ అన్నీ చస్తాయి.

9.4.4 పరాయి చేపలు: నగర పిల్లలకు ఇది అన్నిటికన్నా దగ్గరి పాఠం. అపార్ట్‌మెంటు మారేటప్పుడో, తొట్టె కడగడం విసుగెత్తినప్పుడో, ఇంట్లోని చేపను ‘పాపం, బతుకుతుందిలే’ అని చెరువులో వదిలేస్తుంటారు. అలా వదిలిన సక్కర్ చేప మన జలాశయాల్లో పెరిగి, వలలు చింపుతూ, స్థానిక చేపల మేతకు పోటీ అవుతోంది. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకాన్ని ప్రభుత్వం నిషేధించింది. దోమల పిల్లలను తింటుందని నీటిలో వదిలే గాంబూసియా కూడా పరాయిదే. అది స్థానిక చేపల గుడ్లనూ పిల్లలనూ తింటుంది. జాలితో చేసిన పనే హాని చేయవచ్చునన్న సంగతి ఇక్కడ పిల్లలకు తెలుస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
రోహు, కొర్రమీను చేపల సంతానోత్పత్తిలో తేడా ఏమిటి? ఆ తేడా వల్ల వాటి సంరక్షణ పద్ధతులు ఎలా మారతాయి?

9.5 తరగతి గదిలో చేయించదగిన కృత్యాలు

అమీర్‌పేటలో చాలా బడులకు ఆటస్థలమే లేదు, చెరువు మాట దేవుడెరుగు. కాబట్టి కింది కృత్యాలను బల్ల మీద, మేడ మీద చేయించే విధంగా ఇస్తున్నాను.

కృత్యం 1 – పల్లీల చెరువు: నలుగురు పిల్లల మధ్య గిన్నెలో 16 పల్లీలు ఉంచండి. అవే చేపలు. ప్రతి విడతలో ఒక్కొక్కరు తమకు కావలసినన్ని తీసుకోవచ్చు. విడత చివర మిగిలినవాటికి అంతే సంఖ్యలో మీరు కలపాలి, కాని మొత్తం 16 దాటకూడదు. మొదటిసారి మాట్లాడుకోకుండా ఆడమనండి. ఒక్కొక్కరు మూడేసి తీస్తే 4 మిగులుతాయి, అవి 8 అవుతాయి. రెండో విడతలోనూ మూడేసి కావాలంటే అందరికీ చాలవు, చెరువు ఖాళీ. మొత్తం దొరికినవి 20. రెండోసారి మాట్లాడుకుని ఆడమనండి. ఒక్కొక్కరు రెండేసి తీస్తే 8 మిగిలి, మళ్ళీ 16 అవుతాయి. పది విడతల్లో 80 చేపలు దొరుకుతాయి, చెరువు నిండుగానే ఉంటుంది. ఉమ్మడి వనరులను వాడుకునేవాళ్ళే కూర్చుని నియమాలు పెట్టుకుని కాపాడుకోగలరని చూపినందుకు ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ సిద్ధాంతం సారాన్ని పిల్లలు పావుగంటలో గ్రహిస్తారు.

కృత్యం 2 – చెరువులో చేపలెన్ని?: ఒక సంచిలో లెక్కపెట్టకుండా శనగలు పోయండి. 50 తీసి, రంగు గుర్తు పెట్టి, తిరిగి కలపండి. తరవాత 40 తీయండి. వాటిలో గుర్తున్నవి 8 అనుకుందాం. అప్పుడు సంచిలో ఉన్నవి సుమారు 50 × 40 ÷ 8 = 250. శాస్త్రవేత్తలు చెరువులో చేపల సంఖ్యను అంచనా వేసే పద్ధతి ఇదే. చివర శనగలన్నీ లెక్కించి, అంచనా ఎంత దగ్గరగా వచ్చిందో పోల్చమనండి.

కృత్యం 3 – మేడ మీద గాలం: వెదురు కర్ర, దారం, కొక్కెం బదులు రబ్బరు ముక్క. పది అడుగుల దూరంలో ప్లాస్టిక్ చక్రం ఉంచి, దారాన్ని అందులోకి విసరమనండి. ఇక్కడే రెండు అలవాట్లు నేర్పండి. విసిరే ముందు వెనుక ఎవరున్నారో చూసుకోవాలి. తెగిన దారాన్ని నేల మీద పారేయకుండా జేబులో వేసుకోవాలి. నైలాన్ దారం చెరువు పక్షుల కాళ్ళకు ఉరి అవుతుంది.

కృత్యం 4 – చేపల దుకాణంలో గంట: ఇద్దరు ముగ్గురు విద్యార్థులను ఆదివారం పెద్దలతోపాటు దుకాణానికి పంపండి. ఏ చేపలు వచ్చాయి, ఎక్కడివి, చెరువువా సముద్రానివా, ఎంత పొడవున్నాయి అని రాసుకోవాలి. నోరు పైకి తిరిగి ఉంటే పైనీటి మేత తినే బొచ్చె, కిందికి ఉంటే అడుగున మేసే మృగాల, మధ్యనీటిది రోహు. నోటిని చూసి నివాసాన్ని చెప్పడం పిల్లలకు ఎంతో ఇష్టమైన పని.

9.6 ‘ఎందుకు?’ అని వెనక్కు వెళ్ళే పద్ధతి

ఏడు చేపల కథ తెలియని తెలుగు పిల్లలు ఉండరు. ఒక చేప ఎందుకు ఎండలేదో తెలుసుకోవడానికి గడ్డిమోపును, ఆవును, దాన్ని మేపేవాడిని అడుగుతూ చివరకు చీమ దాకా వెళ్ళే కథ అది. కారణాల గొలుసును నేర్పడానికి అంతకన్నా మంచి సాధనం నాకు దొరకలేదు. దాన్నే ఇలా వాడండి.

చెరువులో చేప ఎందుకు చచ్చిపోయింది? ప్రాణవాయువు అందలేదు. ఎందుకు అందలేదు? కుళ్ళే మురుగు దాన్ని తినేసింది. మురుగు ఎందుకు వచ్చింది? నాలా తెచ్చింది. నాలాలోకి ఎలా వచ్చింది? వాన నీటి కాలువలో ఇళ్ళ మురుగు గొట్టాలు కలిశాయి. ఏ ఇళ్ళవి? ఇక్కడ తరగతి కాసేపు నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ నిశ్శబ్దాన్ని తొందరపడి భంగం చేయకండి. పాత కథలో చీమ చివర ఉంది, మన కథలో చివర మన వంటిల్లే ఉంది.

9.7 జాగ్రత్తలు

- తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి, ఈత వచ్చిన పెద్దలు, తేలే జాకెట్లు లేకుండా పిల్లలను ఏ నీటి దగ్గరకూ తీసుకువెళ్ళకూడదు.
- మురుగు చేరే చెరువుల్లో, నాలాల్లో పిల్లల చేత చేతులు పెట్టించవద్దు. అక్కడి చేపలు తినడానికి పనికిరావు. పరీక్షకు నీరు కావాలంటే పెద్దలే తేవాలి.
- చెరువులో వేట హక్కు చాలాచోట్ల మత్స్యకారుల సహకార సంఘానిది. వాళ్ళ అనుమతి అడగడం కూడా పాఠంలో భాగమే.
- పట్టి వదిలే పద్ధతి నేర్పితే ముల్లు లేని కొక్కెం వాడాలి. చేపను తడి చేత్తోనే పట్టుకోవాలి. పొడి చేయి దాని ఒంటి జిగురుపొరను తీసేస్తుంది. ఆ పొర పోతే రోగాలు సోకుతాయి.

9.8 రెండు అభ్యంతరాలు

మొదటిది: ‘పిల్లలకు చంపడం నేర్పుతారా?’ ఈ ప్రశ్న అడిగే తల్లిదండ్రులను గౌరవించండి. ఇష్టం లేని విద్యార్థిని గాలం పట్టమని బలవంతం చేయకండి. లెక్కలు, పటాలు, నీటి పరీక్ష అతనికి అప్పగించండి. మాంసం తినని ఇంట్లోనూ మురుగు గొట్టం ఉంటుంది కాబట్టి సంరక్షణ పాఠం అందరిదీ.

రెండోది ఎవరూ పైకి అనరు, లోపల అనుకుంటారు: ‘చేపలు పట్టడం ఒక కులం పని, మా పిల్లలకెందుకు?’ దీనికి సిద్ధాంతం కన్నా నా అనుభవం చెబుతాను. కొన్నేళ్ళ క్రితం పంజగుట్ట దగ్గరి ఒక బడిలో చేపల గురించి మాట్లాడడానికి వెళ్ళాను. చివరి బల్లపై ఒక అబ్బాయి కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు. వినడం లేదనుకుని, కొంచెం విసుగ్గానే, కొర్రమీను గూడు ఎలా గుర్తుపడతావని అడిగాను. అతను లేచి, నీటిమీద ఎర్రగా ముద్ద కదులుతుందనీ, అది కనబడితే వాళ్ళ తాత ఆ పక్కన వల వేయడనీ చెప్పి, వెంటనే తల దించుకున్నాడు. తాతది నల్లగొండ వైపు ఊరు, చెరువు మీద బతుకు. ఆ సంగతి అతను బడిలో ఎవరికీ చెప్పుకోలేదట.

నేను ఆ విషయాన్ని పుస్తకంలో చదివి డాక్టరేటు దాకా వచ్చినవాణ్ణి. అతను కళ్ళతో చూసినవాడు. అయినా సిగ్గుపడింది అతనే. ఆ రోజు మిగిలిన గంట అతని చేతే చెప్పించాను. పక్క పిల్లలు ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. మీ తరగతిలోనూ అలాంటి పిల్లలు ఉండవచ్చు. ఎవరని పేరు పెట్టి అడగకండి. వాళ్ళ ఇంటి జ్ఞానానికి నల్లబల్ల మీద చోటిస్తే, చెప్పాలనుకున్నవాళ్ళు వాళ్ళే చెయ్యెత్తుతారు.

9.9 సారాంశం

చేపలు పట్టడం నేర్చుకునే క్రమంలో చేప నివాసం, మేత, సంతానకాలం తెలుస్తాయి. అవే సంరక్షణకు పునాది. నీటిలో ప్రాణవాయువు, గుడ్లు పెట్టే కాలం, పట్టే పరిమితి, పరాయి చేపల ప్రమాదం అనే నాలుగు భావనలను పల్లీలు, శనగలు, వెదురు కర్రతోనే బోధించవచ్చు. అనుమతి, భద్రత, పరిశుభ్రత తప్పనిసరి. మత్స్యకార కుటుంబాల అనుభవజ్ఞానాన్ని పాఠంలో భాగం చేసినప్పుడే ఈ బోధన సార్థకమవుతుంది. పంజగుట్టలో చదివే పిల్లవాడు హుస్సేన్‌సాగర్‌లో ఎప్పటికీ గాలం వేయకపోవచ్చు. కాని ఆ నీటిలో చేప బతకాలంటే తన ఇంట్లో ఏం మారాలో అతనికి తెలిసి ఉండాలి.

9.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సంరక్షణ విద్యకు చేపల వేట ఎలా తోడ్పడుతుందో ఉదాహరణలతో చర్చించండి.
2. నగర పాఠశాలకు తగిన మత్స్య సంరక్షణ పాఠ ప్రణాళికను పది రోజులకు రూపొందించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. చెరువుల్లో చేపలు తెల్లవారుజామున ఎక్కువగా చనిపోవడానికి కారణాలు తెలపండి.
2. గుర్తుపెట్టిన చేపలు 60, రెండోసారి పట్టినవి 45, వాటిలో గుర్తున్నవి 9 అయితే చెరువులోని చేపల సంఖ్యను అంచనా వేయండి.
3. ఇంట్లో పెంచిన చేపను చెరువులో వదలడం ఎందుకు మంచిది కాదు?